గొట్టం డ్రయ్యరు, మబ్బుల ఫోటో

ఒక్క గొట్టంతో పక్కింటికి ఆవిరి పట్టించిన ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫరవాలేదు. కర్నూల్లో మా వీధివాళ్లు ఎప్పుడో నవ్వేశారు.

కర్నూల్లో బట్టలారబెట్టే యంత్రమా అంటారేమో. నిజమే, ఎండాకాలంలో మా ఊళ్లో చీర రెండో కొంగు దండెం మీద వేసేలోగా మొదటిది ఆరిపోతుంది. కానీ మాకు కవలలు పుట్టింది వానాకాలంలో. ఆ ఏడు దారితప్పిన మబ్బులన్నీ మా ఊళ్లోనే దిగబడ్డాయి. ఇంట్లో ఎక్కడ చూసినా తడి పొత్తిగుడ్డలే.

నాకు బట్టల కొట్టుంది కాబట్టి బట్టల సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని అప్పట్లో నా నమ్మకం. సరుకు కోసం బెంగుళూరు వెళ్లినప్పుడు డ్రయ్యర్లు చూశాను. రెండు రకాలు. ఒకటి తేమగాలిని గొట్టంలోంచి బయటికి తోసేస్తుంది. రెండోది ఆ తేమను నీళ్లుగా మార్చి తన డబ్బాలోనే పట్టుకుంటుంది. మా ఆవిడ సుజాతకు ఫోన్ చేశాను.

"డబ్బాది తీసుకోండి," అంది వెంటనే.

"ఆ నీళ్లు రోజూ ఎవరు పారబోయల్ల?"

"నేను పారబోస్తా. మన ఇండ్లు గోడకు గోడ అతుక్కోని ఉండాయి. మీ గొట్టం యాడ పెడతారు?"

"అది నాకొదిలెయ్. గొట్టముంటేనే యంత్రానికి దర్జా!"

దర్జాగా గొట్టందే తెచ్చాను. వెనక గది వెంటిలేటర్లో గొట్టం దూర్చి, మీట నొక్కాను. అవతల సందు ఉందనుకున్నాను. ఉన్నది మస్తాన్ భాయ్ ఫోటో స్టూడియో! చల్లటి ఏసీ గదిలో బనగానపల్లె నుంచి వచ్చిన కొత్త జంట ఫోటోకు కూర్చుని ఉంది.

"అన్నా, ఏం కాలుస్తాండావన్నా?" గోడ అవతలినుంచి కేక.

"కాల్చడంల్యా భాయ్, ఆరబెడతాండా!"

"నా స్టూడియోలోనా?"

పరుగెత్తాను. స్టూడియో నిండా పొగమంచు, పసిపిల్లల పౌడరు వాసన. పెళ్లికొడుకు మీసం కూడా కనబడటంలేదు. "అపశకునం! లేయ్, పోదాం," అంటోంది పెళ్లికూతురి తల్లి. మస్తాన్ భాయ్ నా చెవిలో గొణిగాడు: "పెండ్లి ఆల్బం పని ఈ ఒక్క ఫోటో మీద ఉండాదన్నా. పోయింది!"

నేను పిండని తువ్వాలులా నిలబడ్డాను. అప్పుడొచ్చింది సుజాత, భుజాన ఒక బిడ్డను జోకొడుతూ.

"యాడికి పోతాండావమ్మా? మబ్బుల్లో ఫోటో అంటే ఇదే. హైదరాబాదులో గూడా ఇట్లా తియ్యరు. మస్తానన్నా, చూస్తాండావేం? మబ్బు పోకముందే తియ్యి!"

ఆమె కంటిరెప్పయినా కదలలేదు. పెళ్లికూతురు ఫక్కున నవ్వింది. మస్తాన్ భాయ్ కెమెరా నొక్కాడు. దాని అద్దం మీద ఆవిరి పట్టిందో ఏమో, ఆ పిల్ల ఆకాశంలోంచి దిగివస్తూ నవ్వినట్టుంది ఫోటోలో. చూసిన తల్లి కళ్లు తుడుచుకుని, ఆల్బం పని అక్కడే ఒప్పుకుంది. బిడ్డ నిద్ర చెడకుండా ఒక మనిషి వ్యాపారం నిలబెట్టిన నా భార్యను నోరు తెరుచుకుని చూశాను. ఇప్పటికీ పూర్తిగా మూసుకోలేదు.

సిగ్గుతో గొట్టం పీకేసి, డ్రయ్యరు వాపసు పంపాలనుకుంటూ ఉండగా మస్తాన్ భాయ్ మా గుమ్మంలోకొచ్చాడు. నావైపు చూడనైనా లేదు.

"వదినా, రేపు పొద్దున ఆదోని జంట వస్తాండారు. మబ్బులే కావల్లంట. ఆ యేళకు మీ పిల్లోళ్ల గుడ్డలు ఉతికి ఆ యంత్రంలో ఏస్తారా?"

గొట్టం ఒక చేత, తడిగుడ్డ ఒక చేత పట్టుకుని అక్కడికక్కడే ప్రమాణం చేశాను. సుజాత వద్దన్న యంత్రాన్ని, అది నిమ్మకాయ పిండేదైనా సరే, ఈ జన్మలో కొనను!