అతుక్కుపోయిన శుభలేఖ

నా చిన్నప్పుడు, మా మేనత్త పెళ్లినాటి పొద్దున్న, పందిట్లో మామిడాకులు కడుతుండగా ఒక శుభలేఖ తిరిగి మా ఇంటికే వచ్చింది. అది కాకినాడలో ఉన్న మా నాయనమ్మ అన్నగారికి పంపింది. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తేవలసిన మేనమామ ఆయనే. ముహూర్తం ఆ సాయంత్రమే. ఇక మనిషిని పంపే వ్యవధి లేదు.

"స్టాంపు చాలక బేరింగు పడిందండి, మేస్టారండి. డబ్బులు కట్టి తీసుకోమంటే ఆయన వద్దన్నారంటండి," అని పోస్టుమాన్ తాతయ్యతో గొంతు తగ్గించి చెప్పాడు.

దగ్గరి చుట్టాలను ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలవడం మా వైపు ఆనవాయితీ. పోస్టులో పంపేది దూరపువాళ్లకే. కానీ పక్కపక్కనున్న పొలాలకు కాలవ నీటి వంతు దగ్గర మా తాతయ్యకూ నాయనమ్మ అన్నగారికీ మాటలు పోయాయి. ఆ గడప తొక్కనన్నారు తాతయ్య. నాయనమ్మ ఒక్కత్తే వెళ్తానన్నా ఒప్పుకోలేదు.

పెళ్లి ఖర్చుల్లో తపాలాకు ఆయన విడిగా తీసింది కొంచెమే. అందుకని శుభలేఖలన్నీ బుక్ పోస్టులో పంపాలనుకున్నారు. కవరు నోరు అంటించకుండా మూత లోపలికి దోపి పంపితే తక్కువ స్టాంపు సరిపోయేది. లోపల చేతిరాత మాత్రం ఉండకూడదు.

"మా అన్నయ్యదానికి మాత్రం పెద్ద స్టాంపు వేసి అంటించండి. లోపల నేనో ముక్క రాసుకుంటాను," అంది నాయనమ్మ.

"అందరితోపాటే మీ అన్నయ్యానూ. ఆయనగారికేమైనా కొమ్ములు మొలిచాయా?"

"మొలిచింది మీకేనండి."

నేను కిసుక్కున నవ్వాను. వాళ్లిద్దరూ నవ్వలేదు.

కవర్లకు నాలుగు మూలలా పసుపు పూసే పని నాయనమ్మదే. అన్నగారి కవరు చేతికి వచ్చేసరికి గిన్నెలో మరికాస్త నీళ్లు పోసి కలిపి, మూలలకే కాక మూత చుట్టూ కూడా దట్టంగా పూసింది. రాయనివ్వని ముక్కకు బదులు అదేనని ఇప్పుడు అనుకుంటాను.

తిరిగొచ్చిన ఆ కవరును తాతయ్య వెలుతురులో పట్టి చూశారు. నేను ఆయన మోచేతి పక్కనే ఉన్నాను. తడి పసుపు మూతకున్న జిగురుకు తగిలి కవరు నోరు గట్టిగా అతుక్కుపోయింది. పోస్టాఫీసువాళ్లు దాన్ని అంటించిన ఉత్తరం కింద లెక్కగట్టి, తక్కువపడిన స్టాంపుకు రెట్టింపు వసూలు చేయమన్నారు. తాతయ్య ఆ మూత మీద పసుపంతా గోటితో గీకేశారు.

అంతలో నాయనమ్మ వచ్చింది. "ఏంటండీ అది?"

"నేనే పొరపాటున అంటించేశాను. స్టాంపు చాల్లేదు."

"నా ఒక్కగానొక్క అన్నయ్యని డబ్బులడిగి పెళ్లికి పిలిచారా!"

ఆ సాయంత్రం వరసకు మేనమామ అయ్యే ఇంకొకాయన బుట్ట పట్టాడు. అది చూడకుండా నాయనమ్మ వంటలవైపు వెళ్లిపోయింది.

ఆ తర్వాత తాతయ్య బతికి ఉన్నంతకాలం ఆ మాట దెప్పుతూనే ఉంది. చుట్టాల ముందు కూడా, "కాస్త స్టాంపు దగ్గర కక్కుర్తిపడి నా పుట్టింటి గుమ్మం మూయించారు," అనేది. ఆయన తల వంచుకొని అన్నం తినేవారు. ఒకసారి నేను అసలు సంగతి చెప్పబోతే కంటితోనే వద్దన్నారు. ఆమె అడిగినప్పుడే పెద్ద స్టాంపు వేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. తన వంతు తప్పును కూడా అందులోనే కలిపి మోశారేమో తెలియదు.

ఇంట్లో నలుగురూ ఒకరిని తప్పుపడుతుంటే, ఆ మనిషి ఏమీ అనడం లేదు కాబట్టి తప్పు అతనిదేనని నేను వెంటనే నమ్మలేను. ఆ పొద్దుటినుంచి నాతో ఉండిపోయింది ఇదే.

అన్నాచెల్లెళ్లు మళ్లీ కలుసుకోలేదు. ఆయన వద్దన్నది కట్టమన్న డబ్బు వల్లనో, పంపినవారి పేరు చూసో మాకు తెలియదు. అడగడానికి మా ఇంటినుంచి కాకినాడ ఎవరూ వెళ్లలేదు.