కోరుట్ల ల్యాబులో రెండు లైన్లు

జగిత్యాల జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, మా కంపెనీ నన్ను కరీంనగర్ నుంచి జగిత్యాల బ్రాంచికి సీనియర్ ప్రోగ్రామర్‌గా మార్చింది. హోదా వినడానికి పెద్దదే. బ్రాంచి అంటే మేనేజరు, నేను, రెండు కుర్చీలు. చుట్టుపక్కల రక్తపరీక్షల ల్యాబులకు, ప్రైవేటు కాలేజీలకు మా కంపెనీ అమ్మిన ప్రోగ్రాములు చూసుకోవడం నా పని. కొత్తవి రాయడం తక్కువ, ఎవరో రాసి వెళ్లిపోయిన వాటికి మాట్లు వేయడం ఎక్కువ.

అలాంటి ప్రోగ్రాం ఒకటి కోరుట్ల ల్యాబులో నడిచేది. గల్ఫ్‌కు పోయేవాళ్ల అసలు మెడికల్ హైదరాబాద్‌లో జరుగుతుంది. అక్కడ అన్‌ఫిట్ అని రాశారంటే ఆ మచ్చ అంత తేలిగ్గా పోదు. అందుకని ముందే కోరుట్లలో రక్తం చూపించుకుని, ఆ రిపోర్టు ఏజెంటుకు ఇచ్చి, అతను సరే అన్నాకే హైదరాబాద్ బస్సెక్కడం అక్కడి ఆనవాయితీ. పేరుకు ముందస్తు పరీక్షే గానీ, వీసా ఎవరికి దక్కుతుందో ఆ కాగితమే తేల్చేది.

ఆ కాగితం ఎలా తయారయ్యేదో చెప్పాలి. ల్యాబు పేరు, గడులు, పరీక్షల పేర్లు ప్రెస్సులో ముందే అచ్చువేయించి ఉంటాయి. అంచుల్లో బెజ్జాలతో, ఒకదానికొకటి అతుక్కుని గొలుసులా వచ్చే కాగితాలు. ప్రోగ్రాం పంపేది ఫలితాలను మాత్రమే. అది ఉత్త అక్షరాలను లైను తర్వాత లైనుగా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు పంపుతుంది. ఏ గడి పక్కన ఏ పరీక్ష పేరు ఉందో ప్రోగ్రాంకూ తెలియదు, ప్రింటర్‌కూ తెలియదు. లైన్ల లెక్క సరిగ్గా ఉన్నంతవరకే ఆ రిపోర్టు నిజం.

ఆ లెక్కే తప్పు. కాగితం పొడవు డెబ్బై రెండు లైన్లు. నాకన్నా ముందు పనిచేసిన మహానుభావుడు డెబ్బై అని రాసిపెట్టి పోయాడు. దాంతో ప్రతి కాగితం దగ్గర రెండు లైన్లు తక్కువ పడేవి. ఒక్కో పరీక్షకు రెండు లైన్ల గడి కాబట్టి, రెండు లైన్లంటే సరిగ్గా ఒక గడి; సర్దకపోతే తర్వాతి రిపోర్టులో ఫలితాలన్నీ ఒక గడి పైకి పోతాయి.

ఏళ్ల తరబడి ఈ తప్పును మోసింది రాజేశం. సిరిసిల్లలో చాలాకాలం మరమగ్గాలు నడిపి, ఆ మోతకు చెవులు దెబ్బతిని, కోరుట్లలో ఉన్న బిడ్డ దగ్గరికి వచ్చేసిన మనిషి. ల్యాబులో రిపోర్టులు తీసే పని అతనిది. ఇంగ్లీషు చదవడం రాదు. ప్రింటర్ మీద ఒక మీట ఉంటుంది, ఒకసారి నొక్కితే కాగితం ఒక లైను జరుగుతుంది. ప్రతి కాగితం వచ్చాక రాజేశం ఆ మీటను రెండుసార్లు నొక్కేవాడు. మగ్గం మీద దారం తెగితే చేత్తో సర్దుకుని మళ్లీ నడిపించినట్టే అతనికిది. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నేను మాత్రం మొదటిసారి చూడగానే మండిపడ్డాను. మనిషి వేలు నొక్కితే తప్ప నిజం చెప్పలేని ప్రోగ్రాం ఏం ప్రోగ్రాం!

ఒక సోమవారం వెళ్లి సరిచేశాను. కాగితం పొడవు డెబ్బై రెండు అని ప్రింటర్‌కు ముందే చెప్పే సంకేతం ఒకటి, పని కాగానే తర్వాతి కాగితం మొదటికి పొమ్మనే సంకేతం ఇంకొకటి కలిపాను. ఒక కాగితం తీసి చూస్తే గడుల్లో చక్కగా కూర్చుంది. రాజేశం అప్పటికి అన్నానికి వెళ్లి ఉన్నాడు. ల్యాబు నడిపే టెక్నీషియన్ సుధాకర్‌తో ఇక మీకు ఏ ఇబ్బందీ ఉండదని చెప్పి, సర్వీసు కాగితం మీద సంతకం పెట్టించుకుని జగిత్యాల బస్సెక్కాను.

సాయంత్రం రాజేశం ఫోన్ చేశాడు. కాగితం జరుగుతోందట, ఫలితం సంతకం దగ్గర పడుతోందట. కొత్త ప్రోగ్రాం కదా, ఈయనే ఏదో కెలికి ఉంటాడనుకున్నాను. ఆపి, కాగితం మళ్లీ పెట్టి, కదపకుండా ఉండమని విసుగ్గా చెప్పి పెట్టేశాను. గురువారం వస్తానన్నాను.

గురువారం వెళ్లేసరికి ల్యాబులో గొడవ. ఒకాయన గోడకు ఆనుకుని తల దించుకుని నిలబడ్డాడు. పేరు అంజాగౌడ్, పక్క ఊళ్లో తాళ్లెక్కి కల్లు గీసే కుటుంబం. గల్ఫ్‌లో ఒకసారి పనిచేసి వచ్చి, రెండోసారి వీసా కోసం ఏడాదిగా తిరుగుతున్నాడు. మాట్లాడుతున్నది ఆయన భార్య. సోమవారం ఇచ్చిన రిపోర్టులో హెపటైటిస్-బి పాజిటివ్ అని ఉందట. ఏజెంటు చూసి పక్కన పెట్టేశాడట. ఇంకోసారి రక్తం చూడమని ఆమె అడుగుతోంది. కంప్యూటర్లో వచ్చిన రిపోర్టు తప్పుండదని సుధాకర్ అంటున్నాడు. పరీక్షల ఫలితాలు చేత్తో రాసుకునే రిజిస్టరు ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. తెరిచి చూడాలని ఆయనకు తోచలేదు.

ఆమె నావైపు తిరిగింది. "నాలుగొద్దులసంది పిల్లలను దగ్గరికి రానిస్తలేడు మేడం. పల్లెం, గిలాస సుత అలగ్ పెట్టుకున్నడు."

రిపోర్టు ఇలా ఇవ్వమన్నాను. పైనుంచి చదివాను. రక్తం గ్రూపు గడి ఖాళీ. పాజిటివా నెగెటివా రాయాల్సిన ఆర్‌హెచ్ గడిలో ఓ అన్న అక్షరం. దాని కింద హెపటైటిస్-బి, పాజిటివ్. చివరి గడి గర్భ పరీక్ష. మగవాళ్లకు ఖాళీగా వదిలే గడి అది. అందులో నెగెటివ్ అని ఉంది.

అంజాగౌడ్‌కు గర్భం లేదని రాసి ఉన్న కాగితం మీద సుధాకర్ సంతకం పెట్టాడు. ఏజెంటు చదివాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు చూసి మందులు కూడా రాశాడట. అందరికీ ఆ ఒక్క గడే కనిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. చివరి గడి పైకి చదవమని సుధాకర్‌కు చెప్పాను. చదివి, రిజిస్టరు తీశాడు. ఓ పాజిటివ్ రక్తం. హెపటైటిస్-బి నెగెటివ్. మళ్లీ రక్తం తీసి చూసినా అదే వచ్చింది.

ఇక నా కోపం రాజేశం మీదికి మళ్లింది. ఆ మీట ఎందుకు నొక్కావని అడిగాను. అతను తొణకలేదు.

"రోజు నొక్కుతనే ఉన్న గద మేడం. మీరు దాన్ని మంచిగ జేసిన్రని నాకెవరు జెప్పిన్రు? సిరిసిల్లల మగ్గం బాగుజేసిన మిస్త్రీ, నడిపేటోని తోని గజం బట్ట నేపిచ్చి, చూసినంకనే పోతుండె."

అన్నం తిని వచ్చి, నేను తీసిన కాగితం తర్వాత అతను అలవాటుగా రెండుసార్లు నొక్కాడు. ఆ వెంటనే వచ్చిన రిపోర్టు అంజాగౌడ్‌ది, ఒక గడి కిందికి. తర్వాతిది రెండు గడులు దిగి సంతకం దగ్గర పడేసరికి అతనికి అనుమానం వచ్చి నాకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ నేను సరిగ్గా వినలేదు. డెబ్బై రెండు అని ప్రింటర్‌కు చెప్పాను, ఇబ్బంది ఉండదని సుధాకర్‌కు చెప్పాను. మీట నొక్కే మనిషికి చెప్పలేదు.

కొత్త రిపోర్టు పట్టుకుని నేనే వాళ్లతో ఏజెంటు దగ్గరికి నడిచాను. అంతా విన్నాడు, తప్పు ఒప్పుకున్నందుకు నన్ను మెచ్చుకున్నాడు కూడా. బుధవారమే ఆ వీసా ఇంకొకరికి ఇచ్చేశానన్నాడు. బయటికి వచ్చాక అంజాగౌడ్ తన భార్యను పిల్లలు బడి నుంచి ఎన్నింటికి వస్తారని మాత్రం అడిగాడు. ఆ ఏడాది ఆయన మళ్లీ తాళ్లే ఎక్కాడు.

తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఒక పద్ధతి పాటించాను. ప్రోగ్రాం మార్చిన ప్రతిచోటా దాన్ని రోజూ వాడే మనిషిని పిలిపించి, అతని చేత వరసగా మూడు కాగితాలు తీయించి, కాగితాలతోపాటు అతని చేతులు కూడా చూసేదాన్ని. దీనివల్ల చాలాసార్లు బస్సు తప్పిపోయింది. మేనేజరు విసుక్కునేవాడు. బస్సు తప్పితే అరగంటకు ఇంకొకటి వస్తుంది. అంజాగౌడ్‌కు ఇంకో వీసా రావడానికి ఏడాదిన్నర పట్టింది.