తోలుదూడ ముందు వసుంధరమ్మ

నిన్న పుంగనూరు బస్టాండులో ఒక గడ్డి లారీ పక్కన నిలబడ్డాను. చినుకులకు తడిసిన వరిగడ్డి వాసన ముక్కుకు తగలగానే వసుంధరమ్మ గుర్తొచ్చింది. ఆమెను మీరెవరూ ఎరగరు. ఎరిగినవాళ్లు కూడా మరిచిపోయారు. నా కోపమంతా వాళ్ల మీదే.

తొంభైల చివర్లో ఆమె మదనపల్లెలో ఒక చిన్న సైన్సు మ్యూజియం నడిపేది. నేను బడి మొహం చూడనివాణ్ని, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చినవాణ్ని. భార్య పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేక, ఆదివారాలు బస్సెక్కి అక్కడికి పోయేవాణ్ని. ఏం చదివావని ఆమె ఒక్కనాడూ అడగలేదు. ఏమనుకుంటున్నావని అడిగేది. నన్ను ఆ మాట అడిగినవాళ్లు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు.

ఒక ఏడు, వచ్చినవాళ్ల చేతనే మోటార్లూ బ్యాటరీలూ బిగింపించి ఒక దూడను చేయించింది. అది తల ఊపేది, ‘అంబా’ అనేది. పూర్తయ్యాక అందరినీ దాని చుట్టూ కూర్చోబెట్టి, ప్రాణమున్నట్టుండే దాన్ని చేసే హక్కు మనకుందా అని అడిగింది. నాకు ఒళ్లు మండింది.

“బొమ్మకు న్యాయమేందమ్మా? మా పక్క దూడ సస్తే తోలు ఒలిచి, గడ్డి కూరి, ఆవు ముందర నిలబెడతాం. అది నాకుతా పాలిస్తాది. తాతలనాటి నుంచీ ఉండేదే.”

“అది తన బిడ్డ కాదని ఆవుకు తెలుస్తాదా అప్పా?”

“తెలిస్తే పాలిస్తాదా?”

“నేనడిగింది పాల సంగతి కాదప్పా.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంటికి చేరేదాకా జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.

కొన్నాళ్లకు కుప్పంలో ప్రదర్శనకు ఆ దూడను తెమ్మన్నారు. తోడుగా నేనూ పోయాను. అక్కడి నిర్వాహకులు ఆమెకు చెప్పకుండా, దూడ చచ్చిన ఆవునొకదాన్ని రామకుప్పం పక్కనుంచి తోలుకొచ్చి, ఆ దూడ తోలునే మా యంత్రానికి కప్పేశారు. స్విచ్ వేశారు. ‘అంబా’ అంది. ఆవు తాడు తెగేటట్టు గుంజుకొని పోయి నాకడం మొదలుపెట్టింది. ఎవరూ తాకకముందే పొదుగు నుంచి పాలు కారాయి. జనం చప్పట్లు కొట్టారు. వసుంధరమ్మ గబగబా పోయి స్విచ్ ఆపేసింది.

“యాల ఆపినావమ్మా? జనం సూస్తాండారు!” అని నిర్వాహకుడు అరిచాడు.

“ఆవు కూడా సూస్తాండాదప్పా.”

కదలని దూడను ఆవు మూతితో పొడిచి పొడిచి లేపబోయింది. ఎవడో ఈల వేశాడు.

తిరుగు బస్సు పలమనేరు దాటాక ఆమె అంది: “దాని బిడ్డను రెండోసారి చంపినానప్పా. చేసేటప్పుడు, ఆపేది ఎట్లా అని ఆలోచించనేలేదు.”

పెద్దల ముందు పరువు తీసిందని ఆ నిర్వాహకులు మ్యూజియం పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. ఆదివారాలు ఆగిపోయాయి. ఆమెను పంపేశారు. చప్పట్లు కొట్టినవాళ్లకు ఏమీ కాలేదు, ఆపినామెకే శిక్ష! బస్సెక్కించడానికి నేనొక్కణ్నే పోయాను.

మొన్న మా అక్క కొడుకు వచ్చాడు. పాత క్యాసెట్టులో ఉన్న నా భార్య గొంతును యంత్రానికి నేర్పించి, దాన్ని ఆమె మాదిరే ఫోన్‌లో మాట్లాడిస్తానన్నాడు.

“అచ్చం అత్త మాదిరే పలకరిస్తాది మామా. తిన్నావా అని అడుగుతాది. ఒంటిగా ఉండావు గదా!”

ఆ గొంతు ఒక్కసారి వింటే, ఆపమని చెప్పే శక్తి నాకుండదు. వద్దన్నాను. వాడు పోయాక పళ్లెం ముందు కూర్చున్నాను. తిన్నావా అని ఎవరూ అడగలేదు. తిన్నాను.