కళ్ళెమ్మ చూపించిన చోటు

పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది గాని, గుర్తింపు కార్డు మీద తప్ప అది ఎక్కడా వినిపించదు. ఏడేళ్ళ వయసులో తండ్రి లాయంలో దొరికిన పాత కళ్ళెం ఒకటి మెళ్ళో వేసుకుని, తీయమంటే రాగం తీసి, దాంతోనే తిని దాంతోనే పడుకుందట. "ఇది నా కూతురు కాదు, కళ్ళెమ్మ" అన్నాడు తండ్రి. పేరు అతుక్కుపోయింది. ఇప్పుడామెకు యాభై నాలుగు. తండ్రి మూడు గుర్రాలతో మొదలుపెట్టిన లాయం ఆమె చేతిలో ఇరవై రెండుకు పెరిగింది. గుర్రాలు ఎవరెవరివో. వాటిని పరుగుకు తయారు చేసి పందేలకు పంపడం ఆమె పని.

ఆ పని ఎక్కువగా అరచేత్తో సాగుతుంది. తెల్లవారగానే, ఏ గుర్రం మీదా జీను పడకముందే, కళ్ళెమ్మ ఒక్కొక్క గుర్రం ముందు గొంతుక్కూర్చుని మోకాలి నుంచి గిట్ట దాకా చెయ్యి పెట్టి నిమురుతూ వస్తుంది. ఎక్కడైనా గోరువెచ్చగా తగిలిందా, ఆ గుర్రానికి ఆ రోజు సెలవే. డాక్టరు రెండు రోజుల తర్వాత కనిపెట్టే వాపు ఆమె చేతికి ముందే తెలిసిపోతుంది.

"నాకు జ్వరమొస్తే మాత్రం నుదుటి మీద చెయ్యి పెట్టదు. నేను పందెంలో పరిగెత్తను కదా మరి" అంటాడు భర్త.

ఆయన ఒకప్పుడు మామగారి లాయంలోనే జాకీ. మనిషి ఆమె భుజం దాకా వస్తాడు. పెళ్ళి ఫోటోలో ఇద్దరూ సమానంగా కనబడటానికి కారణం ఆయన కాళ్ళ కింద ఉన్న ముక్కాలిపీట. ఆ సంగతి కొత్తవాళ్ళెవరొచ్చినా ఆయనే ముందు చెప్పేస్తాడు. పందేలు మానేశాక కూడా రోజూ పొద్దున్నే నాలుగైదు గుర్రాలనెక్కి మైదానంలో తిప్పడం అప్పటికింకా మానలేదు.

ఆ మైదానానికి ఆనుకుని, కంచె అవతల, నలభై ఎకరాల బీడు ఉంది. ఒక వేసవిలో దాని గేటుకు నోటీసు కాగితం అంటించారు. అక్కడ ఇనుప రేకుల్ని అచ్చుల్లో పెట్టి కొట్టే ఫ్యాక్టరీ కడతారట. రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళకు చప్పుడు తగలకుండా కొట్టే యంత్రాలన్నీ వెనకవైపు, అంటే సరిగ్గా కళ్ళెమ్మ కంచె పక్కన పెడతారట. అభ్యంతరాలుంటే ఫలానా తేదీన జరిగే సభలో చెప్పుకోవచ్చట.

ఆమె నోటీసు రెండుసార్లు చదివింది. బకెట్టు కింద పడితేనే అదిరి గోడను కరుచుకుపోయే జీవాలు అవి. పందెపు గుర్రానికి బలం కాళ్ళలో ఉంటే, ఆ కాళ్ళను నడిపించే ధైర్యం నిద్రలో ఉంటుంది. రాత్రింబవళ్ళు నేల అదురుతుంటే గుర్రం పడుకోదు. పడుకోని గుర్రం తినదు. తినని గుర్రాన్ని పందేనికి పంపడం పాపం.

ఇంటికొచ్చి కూర్చుని ఎనిమిది పేజీల అర్జీ రాసింది. భర్త కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివాడు.

"బాగుంది. గుర్రాలకు చదువొస్తే ఇరవై రెండూ క్యూ కట్టి సంతకాలు పెడతాయి. మనుషులే పెడతారో లేదో."

ఆయన అన్నంతా అయింది. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగితే పదకొండు సంతకాలొచ్చాయి. అందులో ఏడు లాయంలో పనిచేసేవాళ్ళవే. తప్పకుండా పెడతాడనుకున్న మనిషే పెట్టలేదు. ఆయన గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి. అందరూ నాడాలాయన అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ లాయంలో ఒక్క గిట్టకూ మరొకరి సుత్తి తగల్లేదు. ఆమెను అక్కా అంటాడు, భర్తను బావా అంటాడు.

కాగితం చేతికిస్తే చదివి, మడతపెట్టి తిరిగిచ్చేశాడు.

"అక్కా, ఏమనుకోవద్దు. మీ గుర్రాలకి చప్పుడు పడదు, నిజమే. నా కూతురికి రోజూ మూడు గంటల బస్సు ప్రయాణం పడట్లేదు. యంత్రాలు బాగుచేసే పని నేర్చుకుంది. ఇక్కడే ఫ్యాక్టరీ వస్తానంటే రావద్దని నేనెట్లా సంతకం పెట్టను?"

"అంటే లాయం మూతపడితే నీకు ఫరవాలేదన్నమాట."

"నేనామాట అన్నానా?"

"అనలేదు. సంతకం పెట్టలేదుగా, అదే చాలు."

ఆ తర్వాత పది రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. నాడాలాయన మొహం మాడ్చుకుని వచ్చేవాడు, పని చేసుకుని వెళ్ళిపోయేవాడు. చెప్పవలసిందేదైనా ఉంటే కళ్ళెమ్మ గుర్రంతో చెప్పేది: "ఏమ్మా, నీ ఎడమ గిట్ట కొంచెం ఎక్కువ చెక్కారనుకుంటా." ఆయన కూడా గుర్రానికే జవాబిచ్చేవాడు: "కుంటుతున్నావా తల్లీ? లేదుగా? మరింకేం." మధ్యలో ఆ గుర్రం చెవులు ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పేది.

ఈలోగా మొదటి వానలు పడ్డాయి. వానలు వెలిసిన వారానికి, ఒక పొద్దున, ఎవరికీ ఏమీ చెప్పకుండా కంపెనీ వాళ్ళ లారీ ఒకటి రోడ్డువైపు నుంచి బీట్లోకి వచ్చింది. నేల గట్టిదనం చూడటానికి పెద్ద ఇనుప గుండును పై నుంచి వదిలే యంత్రం దాని మీద ఉంది. అప్పుడు భర్త మూడేళ్ళ బూడిదరంగు ఆడగుర్రం మీద మైదానంలో ఉన్నాడు. మొదటి దెబ్బకు గుర్రం అదిరింది. రెండో దెబ్బకు ఒక్క ఉదుటున పక్కకు దూకింది. ఆయన గాల్లో తేలి భుజం మీద పడ్డాడు. గుర్రం కంచె మీంచి లంఘించి బీట్లో పడింది.

కళ్ళెమ్మ పరుగున వచ్చేసరికి ఆయన నేల మీద వెల్లకిలా పడి భుజం పట్టుకుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"నన్నొదిలెయ్! నాకేం కాలేదు, ఎముకేదో విరిగింది, అంతే. దాన్ని చూడు ముందు!"

లాయం పనివాళ్ళు ఆయన్ని జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆమె కంచె దాటింది.

బూడిదరంగు గుర్రం బీటికి వెనక మూల, పల్లంలో, కదలకుండా నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళాక గాని తెలియలేదు, అది నిలబడలేదు, దిగబడింది. పైన ఎండిన పెచ్చు, కింద అంతా బురద. నాలుగు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా లోపలికి పోయాయి. గింజుకున్నకొద్దీ ఇంకా దిగుతోంది.

ఆమె బోర్లా పాక్కుంటూ వెళ్ళి దాని తల ఒళ్ళోకి తీసుకుంది. ఏవో మాటలు చెబుతూ ఉంది, ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. వెనక నుంచి అలికిడైంది. నాడాలాయన. భుజం మీద రెండు చెక్క పలకలు, వెనక మరో నలుగురు, వాళ్ళ చేతుల్లో గడ్డి మోపులు. వస్తూనే చొక్కా విప్పి బురదలో పొట్ట మీద పడుకున్నాడు. గుర్రం ముందుకాలు వెంట చేతులు లోపలికి పోనిచ్చి గిట్ట చుట్టూ మట్టి తవ్వడం మొదలుపెట్టాడు.

"నాలుగు గిట్టలూ నావే అక్కా. ఏది ఎక్కడుందో నాకు తెలుసు. నువ్వు తల వదలకు."

గంటన్నర పట్టింది. ఒక్కో కాలు వదులు చేసి, కింద గడ్డి కూరి, పలకలు జొనిపి, ఛాతీ చుట్టూ వెడల్పాటి పట్టీ వేసి ఆరుగురు లాగితే, చివరికి గుర్రం ఒక్క ఊపున లేచి పలకల మీదికొచ్చి, నిలబడి, ఒళ్ళు విదిలించింది. అందరి మొహాలూ బురదే. కళ్ళెమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మొగుడు ఎముక విరిగి పడుంటే గుర్రం వెనక పరిగెత్తిన ఇల్లాలివి నువ్వొక్కదానివే ఉంటావు" అన్నాడు నాడాలాయన.

"ఆయనే వెళ్ళమన్నారయ్యా!" అంది. పది రోజుల్లో అతనితో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

ఆదివారం నాడాలాయన కూతురు మామయ్యను చూడటానికి వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. గోళ్ళ చివర్ల గ్రీజు మరక ఎంత కడిగినా పోదు. భుజానికి కట్టుతో కూర్చున్న ఆయన గుర్రం దిగబడిన వైనం పూసగుచ్చినట్టు చెబుతుంటే, మధ్యలో ఆపింది.

"అత్తా, ఆ మూలేనా రేకులు కొట్టే ప్రెస్సులు పెడతామంటున్నది?"

"అక్కడే. అటువైపు పాత వాగు దారి. మా నాన్న ఎప్పుడూ అటు గుర్రాన్ని పోనిచ్చేవాడు కాదు. వేసవిలో చూస్తే బండలా ఉంటుంది, వానాకాలం లోపల ఒకటే నీళ్ళు."

"మరి ఈ సంగతి అర్జీలో రాశావా?"

ఎనిమిది పేజీల్లో గుర్రాల నిద్ర ఉంది, తిండి ఉంది, వాటి భయాలున్నాయి. నేల గురించి ఒక్క ముక్క లేదు.

"మా ఫ్యాక్టరీలో ప్రెస్సు పునాది వెంట్రుక వాసి ఒరిగిందంటే ఆ రోజుకి పనాగిపోతుంది. వాళ్ళు రోడ్డు పక్కన పొడి చోట గుండేసి చూసుకుని వెళ్ళిపోయారు. ఇక్కడ కడితే వాళ్ళకే నష్టం. ఇంకో మాట చెప్పనా? రావద్దంటే ఊళ్ళో ఎవరూ నీ వైపు రారు. నేను కూడా రాను. ఎక్కడికి రావాలో చెప్పు, అందరూ వస్తారు."

కళ్ళెమ్మకు ముక్కు మీద కోపమని అందరికీ తెలుసు. ఈసారి రాలేదు. అమ్మాయి చెప్పింది నిజం. చుట్టుపక్కల ఏ నేల మెత్తనో ఏది గట్టిదో గుర్రం మీద తిరిగి తిరిగి తెలుసుకున్న మనిషి తను. ఆ తెలివిని తన కంచె కాపాడుకోవడానికి కూడా వాడలేకపోయింది.

మర్నాడు నాడాలాయనను వెంటబెట్టుకుని రైలు పట్టాల అవతలికి వెళ్ళింది. నాలుగు కిలోమీటర్లు. అక్కడ ఎప్పుడో మూతపడ్డ ఇటుక బట్టీలున్నాయి. ఏళ్ళ తరబడి నిప్పుకు కాలిన నేల. మడమతో తన్నితే మడమే నొప్పెట్టింది. రోడ్డు దగ్గర, పట్టాలు దగ్గర, ఇళ్ళు దూరం.

"చోటు బానే ఉంది. చప్పుడు మన దాకా రాదని ఎట్లా చెప్పడం?" అన్నాడు నాడాలాయన.

ఎట్లా చెప్పాలో ఇద్దరూ కలిసే ఆలోచించారు. మరుసటి పొద్దున ఆయన బట్టీల దగ్గర ఖాళీ ఇనుప పీపా ఒకటి బోర్లించి, తన పెద్ద సుత్తితో గంటసేపు బాదాడు. పట్టాల పక్కన పోయేవాళ్ళు ఆగి, ఈయనకేమైందోనని చూసి వెళ్ళారు. ఆ గంటసేపూ ఇక్కడ లాయంలో కళ్ళెమ్మ వరసల మధ్య తిరుగుతూ ఇరవై రెండు జతల చెవులు చూసింది. ఒక్కటీ నిక్కలేదు. దాణా నమలడం ఆగలేదు. బూడిదరంగు గుర్రమైతే ఒక కాలు వంచి కునుకు తీసింది. తిరిగొచ్చిన నాడాలాయన చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"పీపా చచ్చింది. మీ వాళ్ళేమన్నారు?"

"నువ్వు అక్కడికి వెళ్ళావని కూడా వాళ్ళకి తెలియదు" అంది కళ్ళెమ్మ. పకపకా నవ్వింది.

సభ నాడు హాలు నిండిపోయింది. ఫ్యాక్టరీ కావాలనేవాళ్ళు ఒకవైపు, వద్దనే కొద్దిమంది ఒకవైపు. కళ్ళెమ్మ లేచి నిలబడగానే వెనక నుంచి ఎవరో, "గుర్రాలు ముఖ్యమా, మనుషులా?" అని అరిచారు. చప్పట్లు కూడా పడ్డాయి.

ఆమె చేతిలో ఎనిమిది పేజీల అర్జీ ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేసింది.

"నేనిది ఫ్యాక్టరీ రావద్దని రాశాను. మనుషుల సంగతి ఇందులో లేదు, తప్పు నాదే. ఫ్యాక్టరీ రావాలి. మా నాడాలాయన కూతురు బస్సులో కాకుండా నడిచి పనికి వెళ్ళాలి. కాకపోతే మీరు యంత్రాలు పెడతామంటున్న చోట మొన్న నా గుర్రం మోకాళ్ళ పైదాకా దిగబడింది. గుర్రం కాబట్టి బయటికి లాగాం. మీ యంత్రాన్ని లాగడం మా వల్ల కాదు."

హాల్లో నవ్వులు లేచాయి. కంపెనీ ఇంజనీరు నవ్వలేదు, కాగితాలు తిరగేశాడు. వెనక మూలలో ఎన్ని చోట్ల పరీక్ష చేశారని సభ నడిపే అధికారి అడిగితే, ఒక్కచోట కూడా చేయలేదని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత కళ్ళెమ్మ బట్టీల సంగతి చెప్పింది, పీపా సంగతి చెప్పింది. నాడాలాయన లేచి బొబ్బలు చూపించాడు. రెండు చోట్లా పరీక్షలు చేసి రమ్మని అధికారి ఆదేశించి, అప్పటిదాకా అనుమతి ఆపేశాడు.

పల్లంలో తవ్విన గొయ్యిలో మర్నాటికల్లా నడుము లోతు నీళ్ళూరాయి. అయినా కంపెనీ వెంటనే మనసు మార్చుకోలేదు. ఉత్తరాలు, తిరగడాలు, మళ్ళీ సభ, అలా పది నెలలు నడిచింది. ఆ పది నెలల్లో ఎందుకొచ్చిన గొడవని ఇద్దరు యజమానులు ఐదు గుర్రాలను వేరే లాయాలకు తోలుకుపోయారు. ఐదు ఖాళీ గదుల ముందు నుంచి నడవలేక కళ్ళెమ్మ కొన్నాళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళేది. భర్త భుజం అతికింది గాని, చెయ్యి పూర్తిగా పైకి లేవలేదు. ఇక గుర్రమెక్కొద్దన్నారు డాక్టర్లు. ఇప్పుడాయన కంచె దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి, పై నుంచి స్వారీ చేసేవాళ్ళందరికీ కింద నుంచి పాఠాలు చెబుతాడు. "నోటికి మాత్రం ఏ దెబ్బా తగల్లేదు" అంటుంది ఆమె.

చివరికి ఫ్యాక్టరీ బట్టీల నేల మీదే లేచింది. నాడాలాయన కూతురు అక్కడ మరమ్మతుల విభాగంలో చేరింది. సైకిలు మీద ఇరవై నిమిషాలు. బీడును ఊళ్ళో రైతులు కౌలుకు తీసుకున్నారు. పల్లపు మూల మాత్రం కళ్ళెమ్మ గడ్డికోసం తీసుకుంది. ఎంత దండిగా గడ్డి వస్తోందంటే, రెండోసారి కోతకు బయటి మనుషుల్ని పిలవాల్సి వచ్చింది.

కిందటి నెలలో ఒక వ్యాను వచ్చి లాయం ముందు ఆగింది. కొత్త యజమాని పంపిన ఎర్రటి మగ గుర్రప్పిల్ల, రెండేళ్ళది. తలుపు తీశారు, దిగడానికి పలక వాల్చారు, ఎంత బతిమాలినా దిగదు. కాళ్ళు తన్నిపట్టి వెనక్కి వెనక్కి జరుగుతోంది. లాగుదామన్నవాళ్ళను కళ్ళెమ్మ దూరంగా పొమ్మంది. తను వెళ్ళి ఆ వాలుపలక మీద గుర్రానికి వీపు పెట్టి కూర్చుంది. అటు చూడలేదు, పిలవలేదు. ఎండ కాస్త పైకొచ్చింది. భర్త కంచె దగ్గర నుంచి స్టాప్‌వాచ్ నొక్కాడు.

అరగంటకు ఆమె మెడ మీద వేడి ఊపిరి తగిలింది. తర్వాత మెత్తటి ముక్కు. ఆమె నెమ్మదిగా లేచి ముందు నడిచింది. దాని గిట్టల చప్పుడు వెనకే వచ్చింది.