విముక్తి తరువాతి దృశ్యాన్ని అడిగిన మునివెంకటప్ప

చాంపియన్ రీఫ్స్ మునివెంకటప్పగారు కాలధర్మం చెందిన వార్త నాకు మూడు దినాలు ఆలస్యంగా, కోలారు టమోటా మార్కెట్టు ముందు, బస్సు దిగిన ఒక పరిచయస్థుని నోట తెలిసింది. నలభై ఏళ్ల స్నేహితునికి కబురు చేయాలని ఎవరికీ తోచలేదే అని ఆగ్రహించాను. ఆ ఆగ్రహానికి నాకు అర్హత లేదని దారిలో గ్రహించాను. గడచిన ఐదు ఆదివారాలు నేనే ఆయన గడప తొక్కలేదు.

ఆయన చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో భూగర్భ కార్మికుడు. కార్మికుల హాలులో ఇంగ్లీషు చారిత్రక చిత్రాలు వేసినప్పుడు తెర పక్కన నిలిచి తెలుగులో కథ చెప్పేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. చరిత్ర ఉపాధ్యాయుడనైన నేను మొదటిసారి విని నిర్ఘాంతపోయాను. తెరపై చక్రవర్తి విజయోపన్యాసం సాగుతుంటే ఈయన వెనుక బండలు లాగే బానిసలను చూపుతూ, "రాజు మాటలు ఉండనీయండప్పా, ఆ మూడోవాన్ని చూడండి. భుజం ఇరిగిండాది, అయినా లాగతా ఉండాడు" అన్నారు.

"యోవ్, మన సెకండు షిఫ్టు రాముడి మాదిరే ఉండాడే!" అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

ఆట ముగిశాక నేను తప్పులు పట్టి చూపాను. "నువ్వు చెప్పేది రాజు చెప్పినది సారూ. నేను చెప్పినది జరిగినది" అన్నారు.

నాటి నుండి ప్రతి ఆదివారం ఆయన ఇంట్లో పాత చిత్రాలు చూడటం, నేను నమోదు చేయటం ఆనవాయితీ. యుద్ధ బీభత్సాన్ని అవి ఎంత శోభాయమానంగా అలంకరించాయో, దాస్యాన్ని నాయకుని దయాగుణం చాటే సాధనంగా ఎలా వాడుకున్నాయో రాస్తూ పదకొండు నోటుపుస్తకాలు నిండాయి. గ్రంథంగా కూర్చాలన్నది ఇద్దరి సంకల్పం.

చివరి అధ్యాయం వద్ద చెడింది. ఒక చిత్రాంతంలో వీరుడు సంకెళ్లు తెంచుతాడు, జనం జేజేలు పలుకుతారు, కథ ముగుస్తుంది. "దాస్య విముక్తి" అని రాశాను.

"కొట్టేయ్ సారూ. తెల్లారి వాళ్లు యాడ తినిరి?"

"చిత్రంలో లేనిది నేను రాయను."

"మా గని మూసినపుడు యాడికన్నా పోవచ్చు అనిరి. పోయేకి యాడుండాది? ఇంగ ఆ గేటు కాడే నిలబడితిమి."

"ఇది చరిత్ర గ్రంథం, మీ ఆత్మకథ కాదు" అని పుస్తకం మూసి వచ్చేశాను. ఇన్నేళ్లలో నేనాడిన అతి నీచమైన మాట అది. తేదీతో సహా నా వద్ద నమోదై ఉంది.

మార్కెట్టు నుండి నేరుగా వెళ్లిన నన్ను చూసి ఆయన సతీమణి సాకమ్మగారు ఏడవలేదు. "ఐదు వారాలు టీవీ ఎయ్యనీలేదు సారూ. 'ఆయప్ప లేకుంటే ఎవురితో కొట్లాడేది' అనె. మీరన్నా వచ్చి ఓడిపోయింటే ఏం పోయుండె?" అన్నారు.

ఇంటికి వచ్చి "దాస్య విముక్తి" అన్న ఆ రెండు పదాలనూ కొట్టివేశాను. "మరునాడు వారేమైనారో చిత్రం చూపలేదు. చూపవలసినది అదే" అని రాశాను. మెచ్చుకోవడానికి పండిత మిత్రులున్నారు. "ఇంగా సాలదు సారూ" అని నా ఎదుట మొండిగా కూర్చునే మనిషి లేడు. అక్షరం పెద్దగా నేర్వని ఆ మహామనీషికి ఈ వృద్ధ ఉపాధ్యాయుని సాష్టాంగ ప్రణామం. అధ్యాయం పూర్తయింది. అది సరిగా ఉందో లేదో తేల్చి చెప్పేవారు ఈ జిల్లాలో నాకిక ఎవరూ మిగలలేదు.