జామకొమ్మకు కొవ్వొత్తి

మావారికి గుండె ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఏ పనీ ఆయన చేతికి అందనివ్వలేదు నేను. కుర్చీ కూడా జరపనిచ్చేదాన్ని కాదు. మామూలుగా తిరగొచ్చని డాక్టరు చెప్పాక కూడా అంతే. ఆయన గొడవపడలేదు. టీవీ ముందు కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. మాటలు తగ్గిపోయాయి.

భవానీపురంలో మా పక్కవాటాలో ఉండే కలప వ్యాపారి, ఆయన భార్య ఒకరోజు వచ్చారు. కృష్ణ ఒడ్డున లంకలో తమకు తెలిసినవాళ్ల జామతోట ఉందనీ, టెంటు వేసుకుని ఒక పూట ఉండి వద్దామనీ అన్నారు. నేను నసిగాను. "మేమున్నాం కదమ్మా, కారు పక్కనే ఉంటది" అన్నారాయన. వెళ్లాం.

పొద్దుగూకేసరికి తీసుకెళ్లిన ఛార్జింగ్ లైటు మొరాయించింది. ఇక కొవ్వొత్తుల పెట్టె ఒక్కటే దిక్కు. ఇసుకలో గుచ్చితే వాలిపోతున్నాయి, నిలిచినవి ఏటిగాలికి ఆరిపోతున్నాయి.

మావారు కుర్చీలోంచి లేచారు. "బళ్లో చదివేటప్పుడు స్కౌట్ క్యాంపులో ఒకటి నేర్పారు. కత్తి ఉందా?"

"మీరు కూర్చోండి, ఎలాగో చెబితే అన్నయ్యగారు చేస్తారు" అన్నాను.

పక్కింటాయన నా మాట విననట్టే, కత్తి పిడి అటువైపు తిప్పి మావారికి అందించారు. "చెయ్యండి అన్నగారూ, నేను చూస్తా."

మావారు బొటనవేలంత లావు పచ్చి జామకొమ్మ కోసి, ఒక కొసను బెత్తెడు మేర నిలువునా చీల్చారు. తోట గట్టున ఉన్న అరటిచెట్టు దొప్ప నుంచి తీసిన పట్టీని కొవ్వొత్తి నడుముకు చుట్టి, పట్టీ కొసలు రెండూ ఆ చీలికలో బిగించారు. కొమ్మ రెండో కొసను చెక్కి ఇసుకలో పాతారు. గాలి వచ్చే వైపు స్టీలు కంచం నిలబెట్టారు. ఈసారి దీపం నిలిచింది. కంచం మీద పడ్డ వెలుగు టెంటు దాకా పాకింది.

"ఇంకోటి చేద్దామా?" అన్నారు పక్కింటాయన. ఇద్దరూ కూర్చుని మరికొన్ని చేశారు.

భోజనాల దగ్గర ఆ పాత క్యాంపు కబుర్లు చెబుతూ మావారు నవ్వుతుంటే నేను తినడం మర్చిపోయాను. "వదినా, మీ బిర్యానీ చల్లారిపోతోంది" అని పక్కింటావిడ గుర్తుచేసింది.

తిరిగొచ్చాక పక్కింటాయనకు థాంక్స్ చెప్పాను.

"దేనికమ్మా?"

"కత్తి ఇచ్చినందుకండీ."

ఇప్పుడు మావారు రోజూ పక్కింటాయన కలప డిపోకి వెళ్లి, మిగిలిన చెక్కలతో స్టూళ్లు చేస్తున్నారు. సాయంత్రం చొక్కా నిండా రంపపు పొట్టుతో ఇంటికొస్తారు. గుమ్మంలోనే దులుపుకోమంటాను. అంతకుమించి ఏమీ అనను.