ప్యాపా అంటే తాతే

కొవిడ్ సెలవుల తర్వాత బడులు తెరిచిన ఏడాది. తూర్పు టెనెసీ కొండల్లోని ఒక ఎలిమెంటరీ స్కూల్లో నేను స్పీచ్ థెరపిస్టుని. మాట సరిగా రాని పిల్లలకు సాధన చేయించి మాట తెప్పించడం నా పని.

ఆ ఏడాది కిండర్‌గార్టెన్‌లో కేలీ అనే పిల్ల చేరింది. తల్లీ తండ్రీ లేరు, తాతే పెంచుతున్నాడు. వకాబ్యులరీ టెస్ట్‌లో, అంటే బొమ్మలు చూపించి పేర్లడిగే పరీక్షలో, నెరిసిన గడ్డం ముసలాయన్ని చూసి “ప్యాపా” అంది. ఆ కొండల్లో తాతను అలాగే పిలుస్తారు. సంచిని “పోక్” అంది. అదీ అక్కడి మాటే. అన్నీ తప్పులని కొట్టేశారు. పిల్ల భాషలో వెనకబడిందనీ, స్పెషల్ ఎడ్యుకేషన్ క్లాసుకు మార్చాలనీ తేల్చారు.

పరీక్ష పెట్టింది దివ్య, మా స్కూల్ సైకాలజిస్ట్. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నాకు ఒళ్ళు మండి నేరుగా ఆమె గదికి వెళ్ళాను.

“ప్యాపా అంటే తాతే కదమ్మా! తప్పెలా అవుతుంది?”

“ఆంటీ, మాన్యువల్‌లో గ్రాండ్‌ఫాదర్ అని ఉంది. గ్రాండ్‌పా అన్నా ఓకే. నేను రూల్ ఫాలో అయ్యాను. టెస్ట్ అయ్యాక కరెక్ట్ వర్డ్ తనకి చెప్పాను కూడా.”

“మీ తాతగారిని నువ్వేమని పిలుస్తావు?”

“తాత అనే. చిన్నప్పుడు టెస్ట్‌లో కూడా అదే చెప్పా. ఇంగ్లిష్ రాదని వన్ ఇయర్ వేరే క్లాస్‌లో పెట్టారు. నేను నేర్చుకోలేదా? తనూ నేర్చుకుంటుంది.”

తనకు జరిగిన అన్యాయాన్నే న్యాయమనుకుంటోంది! నా కోపం రెట్టింపైంది.

పిల్లను మార్చడం గురించి పెట్టిన మీటింగ్‌కి కేలీ తాత వచ్చాడు. ఉతికిన, పొలం పనికి తొడిగే ఓవరాల్స్, చేతిలో టోపీ. క్లాసు మార్పు గురించి ఆయన ఒక్క ముక్క అడగలేదు.

“టీచరమ్మా, ఆ పరీక్ష అయినప్పట్నుంచీ పిల్ల నన్ను గ్రాండ్‌ఫాదర్ అంటోంది. పరాయివాణ్ణి పిలిచినట్టుంది. నా మీద అలిగిందా?”

నేను ఊరుకోలేకపోయాను. “అలగలేదండీ. మీ ఇంటి మాట తప్పు అని ఈ బడి దానికి చెప్పింది.”

తర్వాత లాంగ్వేజ్ శాంపిల్ తీసుకున్నాను. అంటే పిల్లను తోచినట్టు మాట్లాడనిచ్చి, ఆ మాటల్ని పరిశీలించడం. కోళ్ళగూట్లో దూరిన నక్కను ప్యాపా ఎలా తరిమాడో కేలీ చెప్పింది. నక్కలా కూసింది, కోళ్ళలా అరిచింది, ఎక్కడా తడుముకోలేదు. ఆ రికార్డింగ్ దివ్యకు వినిపించాను. చివరిదాకా విని, తన సిఫారసు వెనక్కి తీసుకుంది. పిల్ల తన క్లాసులోనే ఉండిపోయింది. కానీ ఆ పెద్దాయనకు మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

తేడా వేరు, లోపం వేరు. అది ఎప్పుడో పుస్తకాల్లో చదివాను. తేడాను లోపమంటే ఒక ఇంట్లో ఏం జరుగుతుందో కేలీ వల్ల తెలిసింది. ఇప్పుడు నా గదిలోకి వచ్చే ప్రతి బిడ్డనూ ముందుగా “మీ తాతను ఏమని పిలుస్తావు?” అని అడుగుతాను. పాప్‌పాప్, గ్రాంప్స్, పీపా, తాత, ఏది చెప్పినా సరైన జవాబే.

కేలీ మళ్ళీ ప్యాపా అనే పిలుస్తోందట. కాకపోతే పక్కన ఎవరైనా ఉంటే గొంతు తగ్గిస్తుందట. ఆ గొంతు తగ్గించడం దానికి నేర్పింది మా బడే.